గడువు తీరిన ఎల్‌ఎల్‌ఆర్‌ను రెన్యువల్ చేయించుకోవచ్చా?

అరండల్‌పేట, గుంటూరు

అందరికీ నమస్కారం. కారు నేర్చుకోవడానికి తీసుకున్న నా ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) గడువు కిందటి నెలలో ముగిసింది. మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరగడంతో ఆసుపత్రి, ఇల్లు తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది, డ్రైవింగ్ పరీక్షకు స్లాటు తీసుకోవడమే కుదరలేదు. ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతున్నారు. నేను నేర్చుకుంటున్న డ్రైవింగ్ స్కూలు వారు కొంత అదనపు సొమ్ము ఇస్తే పాత ఎల్‌ఎల్‌ఆర్‌నే మరో ఆరు నెలలు పొడిగించి తెస్తామంటున్నారు. మా మరిది ముప్పై రోజుల వెసులుబాటు ఉంటుందని, అంతలో పరీక్షకు వెళ్ళిపోతే చాలని అంటున్నాడు. మా వారేమో పక్కన తాను కూర్చుంటాడు కనుక ఈలోగా సాధన మానవలసిన పని లేదంటున్నారు. వీటిలో ఏది నిజమో, అసలు నేను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను. నా వయస్సు 43 సంవత్సరాలు.

పాత రిజిస్టరు

నమస్కారమమ్మా. రవాణా శాఖలో చాలా కాలం గుమాస్తాగా పనిచేసి విరమించినవాణ్ణి కనుక ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. మీరు విన్న మూడు మాటల్లో ఒక్కటీ నిలబడదు. ఎందుకు నిలబడవో విడివిడిగా చెబుతాను.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ జారీ అయిన తేదీ నుంచి ఆరు నెలలపాటు చెల్లుతుంది. పూర్తి లైసెన్సును రెన్యువల్ చేయడానికి 15వ సెక్షన్ పేరుతో ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది, ఎల్‌ఎల్‌ఆర్‌కు ఆ సెక్షన్ వర్తించదు. వాడుకలో మనం రెన్యువల్ అంటున్నా, జరిగేది మళ్ళీ దరఖాస్తు చేసుకోవడం, మళ్ళీ రుసుము కట్టడం, కొత్త తేదీతో కొత్త ఎల్‌ఎల్‌ఆర్ పొందడం. ఆ డ్రైవింగ్ స్కూలు వారు "పొడిగించి" తెచ్చేది కూడా ఇదే అయి ఉంటుంది. మీరే కట్టగలిగిన రుసుముకు వారు తమ కూలిని కలిపి చెబుతున్నారు.

పొడిగింపు ఉంటుందన్న నమ్మకం జనంలో ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. కరోనా కాలంలో కార్యాలయాలు మూతపడినందువల్ల, 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సులు, ఎల్‌ఎల్‌ఆర్‌లు, పర్మిట్లు, ఫిట్‌నెస్ పత్రాలు చెల్లుబాటులో ఉన్నట్టే పరిగణించాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ పలు దఫాలుగా సూచనలు జారీ చేసింది. ఆఖరి దఫా 2021 అక్టోబరు 31తో ముగిసింది. అప్పట్లో ఏడాది దాటిన ఎల్‌ఎల్‌ఆర్‌తో పరీక్షకు వచ్చి ఉత్తీర్ణులైనవారు ఉన్నారు, వారు చెప్పే మాటలే ఇప్పటికీ ఊళ్ళో తిరుగుతున్నాయి.

మీ మరిది గారి ముప్పై రోజుల మాటకూ ఒక మూలం ఉంది. పూర్తి లైసెన్సు గడువు తీరినా మరో 30 రోజులు చెల్లుతుందని చట్టంలో పూర్వం ఒక వెసులుబాటు ఉండేది. 2019 సవరణలో దాన్ని తొలగించారు. అది ఉన్న రోజుల్లోనూ పూర్తి లైసెన్సుకే వర్తించింది, ఎల్‌ఎల్‌ఆర్‌కు ఏనాడూ లేదు.

ఇక గడువు తీరాక నేరుగా పరీక్షకు వెళ్ళడం గురించి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 14వ నియమం ప్రకారం లైసెన్సు దరఖాస్తుతో పాటు చెల్లుబాటులో ఉన్న ఎల్‌ఎల్‌ఆర్ ఉండాలి. కనుక గడువు తీరిన పత్రంతో డ్రైవింగ్ పరీక్ష జరిగే ట్రాక్ దాకా వెళ్ళినా బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు మిమ్మల్ని బండి ఎక్కనివ్వరు.

చేయవలసిన పని ఇది. రవాణా శాఖ పోర్టల్‌లో ఎల్‌ఎల్‌ఆర్ కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది కేంద్రం వారి సారథి పోర్టల్ ద్వారా జరుగుతుంది. ఒక్కొక్క వాహన తరగతికి ఎల్‌ఎల్‌ఆర్ రుసుము 150 రూపాయలు, ప్రాథమిక పరీక్షకు 50 రూపాయలు. రాష్ట్రం వసూలు చేసే సేవా రుసుము దీనికి అదనం. మీకు నలభై దాటాయి కనుక ఆరోగ్యంపై స్వీయ ప్రకటన ఒక్కటే సరిపోదు, ఫారం 1ఎ మీద రిజిస్టర్డ్ వైద్యుని సంతకంతో వైద్య ధ్రువపత్రం జత చేయాలి. ఆధార్, చిరునామా పత్రాలు ఎటూ తప్పవు. ట్రాఫిక్ గుర్తులు, డ్రైవరు బాధ్యతల మీద జరిగే ప్రాథమిక పరీక్షలో 60 శాతం సమాధానాలు సరిగా ఉండాలి కనుక పుస్తకం ఒకసారి తిరగేయండి.

అరండల్‌పేట, గుంటూరు

ఎంతో ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు మాస్టారూ. ముందు రాయని సంగతి ఒకటుంది. నాకు స్కూటరుకు, అంటే గేర్లు లేని ద్విచక్ర వాహనానికి, నాలుగేళ్ళ నుంచి పూర్తి లైసెన్సు ఉంది. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నది కారు కోసం మాత్రమే. అయినా కంప్యూటర్ మీద ఆ పరీక్ష మళ్ళీ రాయవలసిందేనా?

నిబంధనల పుస్తకం, విజయవాడ

ఆ వివరంతో సమాధానం మారుతుందండీ. పెద్దలు చెప్పినది మొదటిసారి లైసెన్సు కోసం వెళ్ళేవారి సంగతి. కేంద్ర నియమావళి 11వ నియమంలోనే, చెల్లుబాటులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు కలిగినవారికి ప్రాథమిక పరీక్ష వర్తించదని రెండవ ఉపనియమంలో రాసి ఉంది. మీ స్కూటరు లైసెన్సు చెల్లుతున్నంత కాలం కారు ఎల్‌ఎల్‌ఆర్ కోసం ట్రాఫిక్ గుర్తుల పరీక్ష రాయవలసిన పని లేదు. అయితే దరఖాస్తు చేసేటప్పుడు కొత్త అభ్యర్థిగా కాకుండా, ఉన్న లైసెన్సుకు మరో వాహన తరగతిని చేర్చుకొనే వ్యక్తిగా చేయాలి. పాత లైసెన్సు సంఖ్య ఇవ్వకుండా కొత్తవారి శీర్షిక కింద దరఖాస్తు పెడితే కంప్యూటర్ మిమ్మల్ని కొత్తవారిగానే లెక్కించి పరీక్షకు పంపుతుంది. పైగా ఒకే మనిషికి రెండు లైసెన్సు రికార్డులు ఏర్పడే చిక్కు ఉంది. చట్టం 6వ సెక్షన్ ఒక వ్యక్తికి ఒకే లైసెన్సు ఉండాలంటుంది. తర్వాత ఆ రెండు రికార్డులను కలిపించుకోవడానికి కార్యాలయం చుట్టూ తిరగడం కన్నా ఇప్పుడే శీర్షికను చూసుకొని నొక్కడం సుఖం.

స్టీరింగ్ మాస్టారు, రాజమహేంద్రవరం

నేను కారు నేర్పే వృత్తిలో ఉన్నాను. రుసుముల సంగతి పైవారు చెప్పారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది తేదీల లెక్క. ఎందుకంటే నా దగ్గరకు రెండోసారి ఎల్‌ఎల్‌ఆర్ కోసం వచ్చేవారిలో చాలామంది బండి రానివారు కారు, తేదీలు చూసుకోనివారు.

ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక కనీసం 30 రోజులు గడిస్తే తప్ప డ్రైవింగ్ పరీక్షకు అర్హత రాదని కేంద్ర నియమావళి 15వ నియమం. కొత్త ఎల్‌ఎల్‌ఆర్‌కు కొత్త తేదీ పడుతుంది కనుక మీరు ఆ 30 రోజులనూ మళ్ళీ లెక్కలో వేసుకొనే ప్రణాళిక చేసుకోండి. చాలామంది ఈ ముప్పై రోజులనే గుర్తుపెట్టుకొని, ఆ తర్వాత ఐదు నెలలు తమవేనన్న ధీమాతో ఉంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఒకసారి పరీక్షలో తప్పితే ఏడు రోజులు ఆగి మళ్ళీ రావాలి. మూడుసార్లు తప్పితే ఆఖరి పరీక్ష నుంచి 60 రోజులు గడిచేదాకా మళ్ళీ అనుమతించరు.

ఉదాహరణకు జనవరి 10న ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందనుకుందాం. ఫిబ్రవరి రెండో వారం నుంచి పరీక్షకు అర్హత, జులై రెండో వారానికి గడువు పూర్తి. ఫిబ్రవరి ఆఖరులో మొదటి పరీక్షకు వెళ్ళిన మనిషి దురదృష్టం కొద్దీ మూడుసార్లూ తప్పి మార్చి నెలాఖరుకు ఆగిపోయినా, అరవై రోజులు గడిచేసరికి మే నెలాఖరు అవుతుంది, ఇంకా నెల రోజులకు పైగా అవకాశం మిగిలే ఉంటుంది. అదే మనిషి "బాగా చేయి తిరిగాక వెళ్దాం" అనుకొని జూన్ మధ్యలో మొదటిసారి వెళితే, ఏడేసి రోజుల విరామం, స్లాటు దొరకడానికి పట్టే రోజులు కలిపి జులై వచ్చేస్తుంది, మూడోసారి తప్పితే అరవై రోజులు పూర్తయ్యేలోగా ఎల్‌ఎల్‌ఆరే ఉండదు. అందుకే నా దగ్గర నేర్చుకొనేవారిని రెండో నెలలోనే స్లాటు తీసుకోమంటాను. తొలిసారి తప్పడం పెద్ద నష్టమేమీ కాదు, ట్రాక్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. డ్రైవింగ్ పరీక్షకు ఒక్కో తరగతికి, ఒక్కోసారికి 300 రూపాయలు పోతాయంతే.

స్లాటు తీసుకొనేటప్పుడు మరో జాగ్రత్త. పరీక్ష తేదీ ఎల్‌ఎల్‌ఆర్ గడువు లోపల పడాలి. గడువు లోపల స్లాటు బుక్ చేశాను కదా, పరీక్ష ఆ తర్వాత రోజు పడితేనేం అని వాదించి ప్రయోజనం లేదు.

ఇక అరండల్‌పేట వారికి నా సలహా: ఆసుపత్రి పనులు ఇంకా ముగియకపోతే తొందరపడి ఇవాళే దరఖాస్తు పెట్టకండి. నాన్నగారు కోలుకొని, మీకు రోజుకో గంట చిక్కే సమయం వచ్చాకే పెడితే ఆరు నెలలూ మీకు ఉపయోగపడతాయి. సాధనలో ఇంత విరామం వచ్చింది కనుక ముందు హెచ్ అక్షరం ఆకారంలో ఉండే 'హెచ్' ట్రాక్ మీద రివర్స్ బాగా చేయించుకోండి. రోడ్డు మీద చక్కగా నడిపేవారు కూడా పరీక్షలో తప్పేది ముందుకు పోయేటప్పుడు కాదు, అద్దాల్లో చూసుకుంటూ వెనక్కి వచ్చేటప్పుడు. ఎత్తు మీద బండి ఆపి వెనక్కి జారకుండా కదిలించడం రెండోది.

బీమా పాలసీ, హనుమకొండ

మీ వారు పక్కన కూర్చుంటే సాధన కొనసాగించవచ్చా అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. నేను వాహన బీమా క్లెయిములు చూసే పనిలో ఉన్నాను కనుక ఆ భాగం నేను చెబుతాను. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో అతి ముఖ్యమైనది ఇదే.

పక్కన లైసెన్సు ఉన్నవారు కూర్చోవడం అన్నది ఎల్‌ఎల్‌ఆర్‌కు తోడుగా ఉండవలసిన షరతు, ఎల్‌ఎల్‌ఆర్‌కు ప్రత్యామ్నాయం కాదు. కేంద్ర నియమావళి 3వ నియమం ప్రకారం నేర్చుకొనే వ్యక్తికి చెల్లుబాటులో ఉన్న ఎల్‌ఎల్‌ఆర్ ఉండాలి. పక్కన ఆ తరగతి వాహనానికి లైసెన్సు ఉన్నవారు అవసరమైతే బండిని అదుపు చేయగల, ఆపగల చోట కూర్చోవాలి. బండికి ముందూ వెనుకా తెల్లని నేపథ్యం మీద ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. ఆ పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు. ఇవన్నీ కలిసి ఉండాలి. మొదటిది లేనప్పుడు, మీ వారు ఎంత అనుభవజ్ఞులైనా, చట్టం దృష్టిలో మీరు లైసెన్సు లేకుండా నడుపుతున్నవారే. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టం 181వ సెక్షన్ కింద దీనికి 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండవచ్చు. కారు మీ వారి పేరు మీద ఉంటే, అర్హత లేనివారికి బండి ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద ఆయన మీద కూడా విడిగా కేసు పెట్టవచ్చు.

జరిమానా చిన్న సంగతి. ఏదైనా ప్రమాదం జరిగితే వచ్చేది అసలు చిక్కు. మన వాహన పాలసీలలో డ్రైవరుకు సంబంధించిన నిబంధన ఒకటి ఉంటుంది, పాలసీ కాగితం తీసి చదివితే కనిపిస్తుంది. చెల్లుబాటులో ఉన్న ఎల్‌ఎల్‌ఆర్ కలిగినవారు కూడా బండి నడపవచ్చు, అయితే ప్రమాద సమయంలో ఆ బండి ప్రయాణికులను చేరవేసే పనిలో ఉండకూడదు, నడిపేవారు 3వ నియమం షరతులను పాటించి ఉండాలి అన్నది దాని సారాంశం. నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ, స్వరణ్ సింగ్ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004లో ఎల్‌ఎల్‌ఆర్ కూడా చట్టం గుర్తించిన లైసెన్సేనని, ఎల్‌ఎల్‌ఆర్‌తో నడిపారన్న ఒక్క కారణంతో బీమా సంస్థ బాధ్యత తప్పించుకోలేదని తేల్చింది. ఈ రక్షణ అంతా ఎల్‌ఎల్‌ఆర్ చెల్లుతున్నంత కాలమే. గడువు తీరిన తర్వాత ప్రమాదం జరిగితే, దెబ్బతిన్న ఎదుటివారికి పరిహారం ముందు బీమా సంస్థ చెల్లించినా ఆ సొమ్మును తర్వాత బండి యజమాని నుంచి రాబట్టుకొనేలా ట్రిబ్యునళ్ళు ఆదేశించడం మామూలుగా జరిగేదే. మీ సొంత కారుకు జరిగిన నష్టం మీద క్లెయిము పెడితే దాన్ని తోసిపుచ్చడానికి సంస్థ చేతికి గట్టి కారణం దొరుకుతుంది. పక్కన ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న అప్పుడు రెండోది, లైసెన్సు కాపీ ఏదన్న ప్రశ్నే మొదటిది.

అరండల్‌పేట, గుంటూరు

ఇంత లోతుగా ఎవరూ చెప్పలేదండీ, చదివాక కారు తాళాలు మా వారికి అప్పగించాను. ఒక్క సందేహం. మా ఇంటికి దగ్గరలో ఇళ్ళు ఇంకా కట్టని వెంచరు ఒకటి ఉంది. సిమెంటు రోడ్లు వేసి వదిలేశారు, మనుషుల అలికిడి ఉండదు. కొత్త ఎల్‌ఎల్‌ఆర్ వచ్చేదాకా అందులో సాధన చేయవచ్చునా? ఊళ్ళో అందరూ అక్కడే నేర్చుకుంటున్నారు.

బీమా పాలసీ, హనుమకొండ

లైసెన్సు లేకుండా నడపరాదని చెప్పే 3వ సెక్షన్ "బహిరంగ స్థలం" గురించి మాట్లాడుతుంది, నిజమే. అయితే 2వ సెక్షన్‌లో ఆ మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలం. ప్రజలకు వెళ్ళే హక్కు ఉన్న రోడ్డు, వీధి, దారి, మరే చోటైనా, అది రాకపోకలకు వాడే దారి అయినా కాకపోయినా, బహిరంగ స్థలమే. లేఅవుట్ వేసి, ప్లాట్లు అమ్మి, రోడ్లు పంచాయతీకో మునిసిపాలిటీకో అప్పగించాక ఆ రోడ్లు ఖాళీగా ఉన్నా ప్రజలవే. మనుషులు లేకపోవడం వేరు, మనుషులకు హక్కు లేకపోవడం వేరు. ప్రహరీ ఉండి, గేటు వేసి ఉన్న మీ సొంత తోటలోనో మిల్లు ఆవరణలోనో అయితే మాట వేరు. పైగా ఊరంతా అక్కడే నేర్చుకుంటున్నారంటే, ఎదురుగా వచ్చే బండి నడిపే మనిషికి కూడా చేయి తిరగలేదనే అర్థం.

నాగోలు నుంచి

ఇదే చర్చలో నా ప్రశ్న కూడా అడుగుతున్నాను, వేరుగా పెట్టడం ఎందుకని. మా తమ్ముడు పై చదువుల కోసం విదేశానికి వెళుతున్నాడు. వాడి ఎల్‌ఎల్‌ఆర్ గడువు కూడా దగ్గర పడుతోంది, పరీక్షకు ఇంకా వెళ్ళలేదు. ఎల్‌ఎల్‌ఆర్ మీదనే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకొని వెళ్ళవచ్చునా, లేక కొత్త ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలా?

నిబంధనల పుస్తకం, విజయవాడ

అంతర్జాతీయ పర్మిట్ పూర్తి లైసెన్సు ఉన్నవారికే ఇస్తారండీ, ఎల్‌ఎల్‌ఆర్ మీద ఇవ్వరు. దాని రుసుము 1,000 రూపాయలు, చెల్లుబాటు ఒక ఏడాది, ఆ లోపల మన లైసెన్సు గడువు తీరితే పర్మిట్ కూడా అంతటితో సరి. మీ తమ్ముడికి ఇప్పుడున్న ఎల్‌ఎల్‌ఆర్ గడువు లోపల డ్రైవింగ్ స్లాటు దొరికితే ముందు అది చూడండి, నాగోలు ట్రాక్ మీకు దగ్గరే కదా. దొరక్కపోతే కొత్త ఎల్‌ఎల్‌ఆర్, దాని మీద ముప్పై రోజులు, ఆపైన పరీక్ష, కార్డు రావడం, పర్మిట్ దరఖాస్తు అన్నీ విమానం తేదీకి ముందు పట్టాలి. పట్టేలా లేకపోతే ఇక్కడ పరుగులు పెట్టించకండి. వెళ్ళిన దేశంలో అక్కడి నిబంధనల ప్రకారం మొదటి నుంచి నేర్చుకోవడమే మేలు. మనకు ఎడమ పక్కన నడపడం అలవాటు, చాలా దేశాల్లో కుడి పక్కన నడపాలి కనుక ఆ నేర్చుకోవడం ఎటూ తప్పదు.

పాత రిజిస్టరు

అమ్మా, ఇంకో మాట మిగిలిపోయింది. మీ ఎల్‌ఎల్‌ఆర్ ఏ కార్యాలయంలో తీసుకున్నారో అక్కడికే మళ్ళీ వెళ్ళాలన్న నియమం ఇప్పుడు లేదు. 2019 సవరణ తర్వాత మీరు నివసించే రాష్ట్రంలోని ఏ లైసెన్సింగ్ అధికారికైనా దరఖాస్తు చేసుకోవచ్చు. నాన్నగారి కోసం మీరు వేరే ఊళ్ళో ఉండవలసి వస్తే, ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లోనిదైతే, అక్కడే పని ముగించుకోండి. ఫారం 1ఎ మీద సంతకం మాత్రం దరఖాస్తుకు ముందే చేయించుకోండి, ఆసుపత్రికి ఎలాగూ వెళుతున్నారు కదా.

అరండల్‌పేట, గుంటూరు

అలాగే చేస్తాను మాస్టారూ. నాన్నగారిని వచ్చే వారం ఇంటికి పంపుతామన్నారు. ఆ తర్వాత లైసెన్సుకు మరో తరగతిని చేర్చుకొనే శీర్షిక కిందనే దరఖాస్తు పెడతాను. రెండో నెలలోనే స్లాటు తీసుకుంటాను.